కళ్ళారా చూసొచ్చినాయన

ఆయన్ని వీధిలో అందరూ సెక్షన్ గారు అంటారు. పాలవాడితో మాట్లాడినా, పక్కింటి కుక్క గురించి మాట్లాడినా మాటల మధ్యలో ఎక్కడో ఒక సెక్షన్ దొర్లాల్సిందే. కుక్క మొరిగితే దానికో సెక్షన్, గోడ మీదికి కొమ్మ వాలితే దానికో సెక్షన్. భూగర్భ జల శాఖలో చట్టాల విభాగం ఆయనది. ముసాయిదాలు రాయడం పని. రాయడం అంటే నిజానికి రాయడం కాదు. ఎక్కడో ఇదివరకే ఉన్న చట్టాన్ని తెచ్చి ముందు పెట్టుకుని, పేరు మార్చి, ఊరు మార్చి, అంకెలు మార్చి మన చట్టం చేయడం. ఆ ఆఫీసులో అందరూ చేసేది అదే. "సొంతంగా రాస్తే కోర్టులో నిలబడదయ్యా, ఇంకోచోట నిలబడ్డదాన్ని తెచ్చుకోవాలి" అని కొత్తగా చేరినవాళ్ళకి ఆయనే పాఠం చెప్పేవారు.

ఆయన కూర్చునే గదిలో ఒక ఇనప బీరువా, తిరిగినంతసేపూ సణుగుతూ ఉండే ఫ్యాను, కిటికీ అవతల ట్యాంకరు ఆగే చోటు. అవును, భూగర్భ జల శాఖకి నీళ్ళు ట్యాంకర్లో వస్తాయి. ఆవరణలో తవ్విన బోరు ఎప్పుడో ఎండిపోతే దాని మీద బండరాయి ఒకటి పెట్టారు. ఆ రాయి మీద కూర్చుని బంట్రోతులు టీ తాగుతారు. ఇందులో నవ్వాల్సింది ఏముందో ఆఫీసులో ఎవరికీ తట్టలేదు. నవ్వేది ఆయన బావ ఒక్కడే. "మీ ఆఫీసుకి వచ్చేవాళ్ళు మంచినీళ్ళు ఇంటి నుంచి తెచ్చుకోవాలని బోర్డు పెట్టించు బామ్మర్దీ" అనేవాడు.

బావకి నోరు ఊరుకోదు. అక్కకి నోరు లేవదు. ఇద్దరూ కలిసి ఊరి చివర మొక్కల తోట నడుపుతారు. అక్క అంటు కడుతుంది, బావ ట్రాలీ ఆటోలో మొక్కలు వేసుకుని ఇళ్ళకి చేరవేస్తాడు. సెక్షన్ గారికంటే అక్క బాగా పెద్దది. తల్లి మంచం పట్టినప్పటి నుంచీ ఆయనకి అన్నం పెట్టింది, బడికి తోలింది, జ్వరం వస్తే పక్కన కూర్చుంది అక్కే. ఆవిడ చదువు అక్షరాలు కూడబలుక్కోవడం దగ్గరే ఆగింది. తమ్ముడు చదివినదంతా తనే చదివినంత సంబరం ఆవిడకి. తమ్ముడు ఒక మాట అన్నాడంటే అక్క లెక్కలో అది అచ్చయిన మాట.

తోట వెనక భాగాన, రాతి నేలలో, పాత నిమ్మ చెట్లు కొన్ని ఉన్నాయి. వాటిని కాయల కోసం పెంచలేదు. వాటి కొమ్మలు కోసి చిన్న మొక్కలకి అంటు కడతారు. తల్లి చెట్లు అంటారు వాటిని. సంచుల్లో మొక్కలు పోతే మళ్ళీ పెంచుకోవచ్చు, తల్లి చెట్లు పోతే తోటకున్న పేరే పోతుంది. వాటి మొదళ్ళ దగ్గరికి అక్క చెప్పులు విడిచి వెళ్ళేది. అందులో భక్తేమీ లేదు. తొక్కితే మట్టి గట్టిపడి నీళ్ళు దిగవని భయం, అంతే.

ఆ చుట్టుపక్కల నీళ్ళ సంగతి ఏటేటా అధ్వాన్నమవుతోంది. పాత చట్టం ప్రకారం ఎవరి నేల కింద నీళ్ళు వాళ్ళవి. వినడానికి బాగానే ఉంటుంది, కానీ నేల కింద ప్రహరీ గోడలుండవు కదా. ఒకాయన బోరు లోతుకి దించుతాడు, పక్కాయన బోరు గాలి కక్కుతుంది. పక్కాయన పంతం పట్టి ఇంకా లోతుకి దించుతాడు, అప్పుడు మొదటాయన నెత్తిన చేతులు పెట్టుకుంటాడు. ఇలా పోటీపడి అందరూ కలిసి పాతాళానికి చేరారు తప్ప నీళ్ళు మాత్రం పైకి రాలేదు.

కొండల అవతల ఒక ప్రాంతం ఈ పీడ వదిలించుకుందని పేపర్లో వచ్చింది. అక్కడ చట్టం మార్చేశారు. నేల కింద నీళ్ళు వీధి లాంటివి, ఎవరి సొంతమూ కాదు, అందరివీ అన్నారు. ఎండాకాలం పొడుగునా బోర్లకి సెలవిచ్చి, మోటార్లకి సీలు వేసి, నేలని కాస్త ఊపిరి పీల్చుకోనిచ్చారు. కొన్నేళ్ళకి నీళ్ళు పైకి వచ్చాయి. మనమూ వెళ్ళి చూసి నేర్చుకు రావాలని పైవాళ్ళకి బుద్ధి పుట్టింది. డైరెక్టరు గారూ సెక్షన్ గారూ బయలుదేరారు. డైరెక్టరు గారు రెండు మీటింగుల్లో తల ఊపి, ఫొటోలు దిగి, పనుందని ముందే వెనక్కి వచ్చేశారు. మిగతాది చూసి రాసుకు రమ్మని సెక్షన్ గారికి అప్పజెప్పారు.

అక్కడ ఆయన లాంటి ఉద్యోగమే చేసే లా ఆఫీసరు ఒకావిడ ఉంది. కలుపుగోలు మనిషి. "చట్టం సంగతి అరగంటలో చెప్పేస్తానండీ, అదేం పెద్ద పని కాదు. మీరు చూడాల్సింది గుంటలు. వానాకాలం కాలవ నీళ్ళని ఇంకుడు గుంటల్లోకి ఎలా వదులుతామో, ఎండాకాలం పొలాలకి కాలవ వంతులు ఎలా వేస్తామో చూస్తే తప్ప మిగతాది అర్థం కాదు. రేపు పొద్దున్నే వెళ్దాం. బురదగా ఉంటుంది, మీకు రబ్బరు బూట్లు తెస్తాను" అంది.

తెల్లారింది. బయట సన్నగా తుంపర. గెస్ట్ హౌసులో పరుపు మెత్తగా ఉంది, కాఫీ వేడిగా ఉంది, మంచం పక్కన భార్య ప్రయాణం కోసం కొనిపెట్టిన కొత్త బూట్లు తళతళలాడుతున్నాయి. బల్ల మీద ఆ ప్రాంతపు చట్టం ప్రతి ఉంది. చట్టమే చేతిలో ఉండగా ఇక గుంటల్లో ఏముంటుంది? నీళ్ళుంటాయి. నీళ్ళు చూడటానికి ఇంత దూరం రావాలా? ఆవిడ నిజంగానే బూట్లు పట్టుకుని వచ్చేసరికి సెక్షన్ గారు గుమ్మం పట్టుకుని నిలబడి, "మోకాలు పట్టేసిందండీ" అన్నారు. ఆయన మోకాళ్ళు ఇంకో మనిషిని కూడా మోయగలవు. పాపం ఆవిడ నమ్మింది. "అయ్యో, పోనీ పటాలు పంపిస్తాను లెండి, చూసుకుందురు గాని" అంది. "అక్కర్లేదు, చట్టంలో అన్నీ ఉన్నాయిగా" అన్నారు ఈయన.

ఆ పూటంతా దిండుకి ఆనుకుని ఆ చట్టాన్ని మన చట్టం చేశారు. మూడో అధ్యాయం మొత్తం కాలవల గొడవ, గుంటల గొడవ. ఇది ఇంజనీర్ల వ్యవహారం, చట్టంలో ఎందుకని కొట్టేశారు. నాలుగో అధ్యాయం బోర్లకి సెలవు గురించి. అందులో మొదటి వాక్యం ఇలా ఉంది: "మూడో అధ్యాయంలో చెప్పిన పనులు పూర్తయిన చోట మాత్రమే బోర్లు మూయవలెను." మూడో అధ్యాయం లేనప్పుడు దాని ప్రస్తావన వేలాడుతూ ఉంటే బాగోదు కదా. ఎర్ర పెన్సిలుతో ఆ ముక్క తీసేశారు. "బోర్లు మూయవలెను" అని మిగిలింది. వాక్యం చిన్నదై శుభ్రంగా ఉందని ముచ్చట కూడా పడ్డారు. తర్వాత నివేదికలో "క్షేత్రస్థాయిలో స్వయంగా పరిశీలించడమైనది" అని రాశారు. ఆ ఆఫీసులో ప్రతి నివేదికలోనూ ఉండే వాక్యమే అది. ఎవరికైనా ఒళ్ళు మండాల్సింది ఇక్కడే. కాలికి బురద అంటుకుంటుందని ఒక మనిషి మంచం దిగలేదు, అంతకు మించి ఏమీ జరగలేదు.

కొత్త చట్టం ఎక్కడ పెట్టాలన్నా ముందు అక్కడి రైతులు చేతులెత్తి ఒప్పుకోవాలి. ఆ నియమం కూడా అక్కడి నుంచి తెచ్చిందే. అక్క వాళ్ళ తోటల వైపు మీటింగు అక్క షెడ్డులోనే పెట్టారు. మట్టి బస్తాల మీద, తిరగేసిన కుండీల మీద అందరూ కూర్చున్నారు. డైరెక్టరు గారికి మాత్రం కుర్చీ వేశారు. సెక్షన్ గారు కాగితం చదివారు. ఎండాకాలం అంతా తాగునీటి కుళాయి తప్ప బోర్లు నడవవు అనగానే పక్క తోటాయన లేచాడు. ఆయన్ని పటాసు అంటారు. అగ్గిపుల్ల అక్కర్లేకుండానే పేలే రకం.

"ఎండాకాలంలో మోటారు కట్టేస్తే మొక్కలకి మా కన్నీళ్ళు పొయ్యాలా? చల్లగా కూర్చుని రాసేవాడికేం తెలుస్తుంది!"

సెక్షన్ గారు గొంతు సవరించుకున్నారు. ఆయన జవాబు చెప్పేలోపే అక్క అడిగింది. అంతమందిలో ఆవిడ గొంతు విప్పడమే అరుదు.

"తమ్ముడూ, నువ్వు చూసొచ్చావు కదా. అక్కడ వాళ్ళ మొక్కలు బతికాయా?"

ఇదీ ఆయనకి దొరికిన అవకాశం. తెలీదక్కా, కనుక్కుని చెప్తాను అంటే సరిపోయేది. కానీ పటాసు చూస్తున్నాడు, డైరెక్టరు గారు చూస్తున్నారు.

"శుభ్రంగా బతికాయక్కా. నేను కళ్ళారా చూశాను."

అక్క అందరి వైపూ తిరిగింది. "మా వాడు చిన్నప్పటి నుంచీ నాతో అబద్ధం ఆడి ఎరగడు. చూశానన్నాడంటే చూశాడు. నేను ఎత్తుతున్నా, మీరూ ఎత్తండి" అని చెయ్యి ఎత్తింది. ఆవిడంటే అక్కడ అందరికీ గౌరవం. ఎప్పుడూ మాట్లాడని మనిషి మాట్లాడితే కాదనడానికి నోరు రాదు. ఒక్కొక్కరే ఎత్తారు. చివరికి పటాసు కూడా, "నీ మాట మీద ఎత్తుతున్నానమ్మా, ఆయన కాగితం మీద కాదు" అంటూ ఎత్తాడు.

వేసవి వచ్చింది. శాఖ మనుషులు మోటారు స్విచ్చులకి తీగ చుట్టి సీసపు బిళ్ళ నొక్కి వెళ్ళారు. మొదటి వారాలు గడిచాయి. తర్వాత ఎండ ముదిరింది. కాలవ లేదు, గుంటల్లేవు, నేల కింద కొత్తగా చేరే చుక్క లేదు. తాగునీటి కుళాయి పొద్దున కాసేపు సన్నగా కారుతుంది. తోటలు తోటలుగా ఆకు ముడుచుకుపోయింది.

ఒక ఆదివారం సెక్షన్ గారు వెళ్ళేసరికి అక్క రెండు చేతులా బకెట్లతో నడుస్తోంది. సంచుల్లో మొక్కలకి గ్లాసుతో కొలిచి పోస్తోంది. నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి, తమ్ముణ్ణి చూసి నవ్వింది.

"తల్లి చెట్లకక్కా?"

"వాటికి సరిపోవట్లేదురా. చిన్నవి తట్టుకోలేవని వీటికి పోస్తున్నా. పెద్దవి ఓర్చుకుంటాయిలే. అక్కడ వాళ్ళవి కూడా మొదట్లో ఇలాగే వాడి ఉంటాయి, అవునా? తర్వాత తేరుకున్నాయి కదా?"

"ఊఁ" అన్నారు ఆయన.

కంచె అవతల పటాసు తోట పచ్చగా ఉంది. అతను సీసపు బిళ్ళ చెదరకుండా తీగని వదులు చేసి, చీకటి పడ్డాక మోటారు వేసుకుంటున్నాడు. అతనొక్కడే కాదు, అందరూ అదే పని. శాఖ మనుషులకీ తెలుసు, వాళ్ళు అటు తలతిప్పి చూడరు. బావ కూడా ఒకసారి పటకారు తీసుకుని స్విచ్చు దగ్గరికి వెళ్ళాడట. అక్క అడ్డం నిలబడింది. "తమ్ముడు రాసిన చట్టం ఇది. ఊరంతా తెంపినా మనం తెంపకూడదు. అక్కే ఖాతరు చేయలేదంటే వాడు నలుగురిలో తలెత్తుకుని ఎలా తిరుగుతాడు?" అందట. ఈ సంగతి చెప్పింది బావే. చెప్పి, ఎప్పటిలా ఏదో ఒక వేళాకోళం ఆడలేదు. ఆటో టైరు కేసి చూస్తూ ఊరుకున్నాడు. బావ నోరు మూతపడటం సెక్షన్ గారు పుట్టి బుద్ధెరిగాక అదే చూడటం. బావ తిట్టినా బాగుండేదనిపించింది.

అప్పుడైనా చెప్పొచ్చు. చెబుదామనే ప్రతి ఆదివారం బయలుదేరేవారు. దారి పొడుగునా మాటలు కూర్చుకునేవారు. తీరా అక్క ముఖం చూడగానే నీళ్ళు నమిలి, బకెట్టు అందుకుని, నాలుగు మొక్కలు తడిపి, వానలు తొందరగా వస్తాయని ఒక అబద్ధపు ధైర్యం చెప్పి వచ్చేసేవారు. వీధిలో కొత్త పేరు కూడా వచ్చింది. బజారుకి వెళితే వెనక నుంచి ఎవరో, "అదుగో కళ్ళారా చూసొచ్చినాయన" అనేవారు. ఆయన సంచీ ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుని, వినపడనట్టు టమాటాలు ఏరుకునేవారు. అక్కతో అయితే ముఖం మీదే అన్నారు. పటాసు కంచె దగ్గర నిలబడి, "మీ తమ్ముడు చూళ్ళేదమ్మా, చూశానని కోతలు కోశాడు! ఒట్టి అబద్ధాలకోరు!" అని నలుగురూ వినేలా కేకలు పెట్టాడు. అక్క బకెట్టు కింద పెట్టి, "మా వాణ్ణి మాత్రం ఆ మాట అనకు" అంది. ఆ తర్వాత కంచె వైపు వెళ్ళడం మానేసింది.

వేసవి సగం దాటాక కొండల అవతలి లా ఆఫీసరు వచ్చింది. వాళ్ళ చట్టం ఇక్కడ ఎలా నడుస్తోందో చూడటానికి డైరెక్టరు గారే పిలిచారు. ఎక్కడికి తీసుకెళ్ళి చూపించాలన్నది చిక్కు. ఏ తోటకి వెళ్ళినా పచ్చదనం చూసి దొంగ మోటారు సంగతి పట్టేస్తుంది. సీలు చెక్కుచెదరకుండా ఉన్న తోట మొత్తం మీద ఒకటే ఉంది. "మీ అక్కగారిదే చూపిద్దాం, చట్టాన్ని గౌరవించిన ఆదర్శ రైతు" అన్నారు డైరెక్టరు గారు సంబరంగా. కాదనడానికి సెక్షన్ గారికి ఒక్క సెక్షన్ కూడా తట్టలేదు.

ఆవిడ తోటలోకి అడుగుపెట్టి చుట్టూ చూసింది. ఎండిన సంచులు, వెనక భాగాన ఆకు రాలిన నిమ్మ చెట్లు. ఒక చెట్టు బెరడు మీద చెయ్యి వేస్తే పెళ్ళలుగా ఊడి వచ్చింది.

"మీ గుంటలెక్కడ?" అంది.

డైరెక్టరు గారు సెక్షన్ గారి వైపు చూశారు.

"గుంటలూ కాలవా లేకుండా బోర్లెలా మూశారండీ? మూడో అధ్యాయం పనులయ్యాకే కదా నాలుగోది?" అని సెక్షన్ గారి వైపు తిరిగింది. ఆవిడ గొంతులో నింద లేదు, నిజంగానే అర్థం కాక అడుగుతోంది. "అయినా మీ తప్పు కాదు లెండి. ఆ రోజు మీరు గుంటల దగ్గరికి రాలేకపోయారు కదా, మోకాలు నొప్పని. బూట్లు కూడా తెచ్చాను మీకోసం. నేనే పటాలు పంపించి ఉండాల్సింది."

అక్క అప్పుడే టీ పళ్ళెం పట్టుకుని వచ్చింది. అంతా విన్నది. అతిథికి గ్లాసు అందించి, డైరెక్టరు గారికి అందించి, తమ్ముడి దగ్గరికి వచ్చి ఆగింది.

"మోకాలు నొప్పి చేసిందా? నాతో చెప్పలేదేం రా? ఇప్పుడెలా ఉంది?" అంది.

భూమి చీలి లోపలికి తీసుకుపోతే బాగుండుననిపించింది సెక్షన్ గారికి. డైరెక్టరు గారు వాచీ చూసుకుంటూ అతిథిని కారు వైపు నడిపించారు. ఈయన కదల్లేదు. కారు వెళ్ళిపోయింది. షెడ్డులో ఇద్దరే మిగిలారు.

"నొప్పి లేదక్కా. అప్పుడూ లేదు. బద్ధకించాను. ఏదీ చూళ్ళేదు."

అక్క అటు తిరిగింది. ఎండిన సంచి ఒకటి తీసి మట్టి కుప్ప మీద గుమ్మరించింది, ఇంకోటి గుమ్మరించింది. తర్వాత చేతులు దులుపుకుంది.

"ఆ రోజు నువ్వొచ్చి, 'అక్కా, నేను చూళ్ళేదు గానీ నాకోసం చెయ్యెత్తు' అనుంటే ఎత్తేదాన్ని రా. ఏమీ అడిగేదాన్ని కాదు. కానీ వాళ్ళ చేతులు ఎత్తించేదాన్ని కాదు."

ఆవిడ ఏడవలేదు, అరవలేదు. ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆయన ఆ షెడ్డులో కూర్చుని ఏడ్చారు. పెద్ద వయసులో మగవాడి ఏడుపు చూడముచ్చటగా ఏమీ ఉండదు. ముక్కు కారింది, రుమాలు దొరకలేదు, చొక్కా చేతికి తుడుచుకున్నారు.

మర్నాడు ఆఫీసు తలుపులు తీయకముందే మెట్ల మీద ఉన్నారు. డైరెక్టరు గారు తలుపేసి కూర్చోబెట్టి నెమ్మదిగా నచ్చజెప్పారు. "ఇంకెంత, వేసవి అయిపోవస్తోంది. సీళ్ళు ఎలాగూ తీసేస్తాం. వచ్చే ఏడు మెల్లిగా సవరించుకుందాం. ఇప్పుడు మధ్యలో తీయాలంటే ఎందుకో ఫైల్లో రాయాలి. ఎవరు రాస్తారు? మీ మెడకి మీరే ఉరి తగిలించుకుంటారా?"

"నేనే రాస్తానండీ."

ఉద్యోగంలో చేరాక మొదటిసారి ముందు ఏ నమూనా పెట్టుకోకుండా రాశారు. మూడో అధ్యాయం తీసేసింది తనే అని, అది లేకుండా నాలుగోది నిలవదని రాశారు. గుంటలు పరిశీలించానని చెప్పింది అబద్ధం, వెళ్ళనే లేదు అని రాశారు. డైరెక్టరు గారు చదివి కళ్ళజోడు తీశారు. "అబద్ధం అనే మాట ఫైల్లో ఉండకూడదయ్యా. 'పొరపాటు' అనండి."

"పొరపాటయితే వెళ్ళి చూసి తప్పుగా రాసుండాలి సార్, నేను మంచమే దిగలేదు" అన్నారు సెక్షన్ గారు.

సీళ్ళు తీసేయమని ఉత్తర్వు వచ్చింది. ఈయనకి మెమో వచ్చింది, విచారణ మొదలైంది, కుర్చీ పాత రికార్డుల గదిలోకి మారింది. అదంతా ఎందుకన్నది మాత్రం ఆఫీసు దాటి బయటికి రాలేదు. తోటల వైపుకి చేరిన కబురు వేరు. సెక్షన్ గారే పైవాళ్ళతో కొట్లాడి సీళ్ళు తీయించారట, అందుకే ఆయన కుర్చీ పీకేశారట అని చెప్పుకున్నారు. బజార్లో ఇద్దరు ముగ్గురు ఆపి దండం పెట్టారు కూడా. తిట్లప్పుడు టమాటాలు ఏరుకుంటూ నిలబడగలిగిన మనిషి, ఆ దండాలకి ఏమీ కొనకుండా ఇంటికి పరుగెత్తుకొచ్చారు.

అక్క తోటలో మోటారు వేసిన రోజు ఆయన కూడా అక్కడే ఉన్నారు. నీళ్ళు తల్లి చెట్ల పాదుల్లోకి వెళ్ళాయి. కానీ ఆ చెట్లకి నీళ్ళతో పని తీరిపోయింది. బావ కొమ్మ ఒకటి వంచితే పుటుక్కున విరిగింది, లోపల పచ్చి లేదు. ఇంకో చెట్టు చూశాడు, ఇంకోటి చూశాడు. ఒక్కటీ మిగల్లేదు. అక్క చెప్పులు విడవకుండానే పాదులోకి నడిచి వెళ్ళి నిలబడింది.

అప్పుడే పటాసు గేటు తీసుకుని వచ్చాడు. ఎప్పుడూ గాల్లో ఉండే గొంతు కిందికి దిగి ఉంది. సెక్షన్ గారి వైపు ఒక చూపు చూసి అక్క ముందు నిలబడ్డాడు.

"అమ్మా, వేసవంతా నోటికి హద్దూ అదుపూ లేకుండా వాగాను. మీ తమ్ముణ్ణి అబద్ధాలకోరన్నాను. నలుగురిలో నీ పరువు తీశాను. ఆయనే మళ్ళీ మనకోసం నిలబడ్డాడని ఇప్పుడు తెలిసింది. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. మనసులో పెట్టుకోకు."

వేసవంతా అక్క ఎదురుచూసిన మాట అది. తమ్ముణ్ణి ఎవరూ ఆ మాట అనకూడదని ఆవిడ కంచె వైపు వెళ్ళడం మానేసింది, సీలు ముట్టకుండా చెట్లు పోగొట్టుకుంది. ఇప్పుడు ఆ మాట దానంతటదే వెనక్కి పోతోంది. ఊరుకుంటే చాలు, పోయిన గౌరవం తిరిగొస్తుంది. ఆవిడ తమ్ముడి వైపు చూసింది. తొందరపెట్టలేదు. చూస్తూ ఆగింది.

ఫైల్లో రాయగలిగిన మనిషికి ఇక్కడ నోరు పెగల్లేదు. ఎదురుగా పటాసు తల వంచుకుని ఉన్నాడు. ఇప్పుడు నిజం చెబితే అక్కకి దక్కిన ఈ కాస్త కూడా పోతుంది కదా అని మనసు ఒక సాకు అందించింది. ఆ సాకు ఎంత తియ్యగా ఉందో చూసి ఆయనకి తన మీదే అసహ్యం వేసింది. అయినా మాట రాలేదు.

అక్క పటాసు వైపు తిరిగింది.

"వెనక్కి తీసుకోకయ్యా. నువ్వన్నది నిజమే. వాడు చూళ్ళేదు. చూశాడని మీ అందరికీ చెప్పింది నేను."

"అక్క తప్పేమీ లేదు" అన్నారు సెక్షన్ గారు అప్పుడు. "అక్కకి తెలీదు. అబద్ధం ఆడింది నేను."

పటాసు పేలతాడని బావ ఒక అడుగు ముందుకు వేశాడు. పటాసు పేలలేదు. చచ్చిపోయిన చెట్ల వైపు చూశాడు, శాఖ మనుషులు విప్పి పడేసిన, వదులు చేసిన ఆనవాలు కూడా లేని సీలు తీగ వైపు చూశాడు. చూసి, అందరిలోకీ ఈవిడొక్కతే సీలు ముట్టుకోకుండా కూర్చుందన్న సంగతి అప్పుడే అర్థమైనట్టు ముఖం చిట్లించాడు.

"నేను రోజూ దొంగతనంగా మోటారు వేసుకున్నానమ్మా. నావి బతికాయి" అన్నాడు. తన తోట వైపు చెయ్యి చూపించి, "నా నిమ్మ చెట్లు ఎక్కడివి? నువ్విచ్చిన అంటు మొక్కలే కదా. కత్తి తెచ్చుకో. ఎన్ని కొమ్మలు కావాలో కోసుకో" అన్నాడు.

అక్క షెడ్డులోకి వెళ్ళి అంటు కత్తీ, తడి గోనె ముక్కా తెచ్చుకుంది. పటాసు ముందు నడిచాడు, అక్క వెనక నడిచింది. సెక్షన్ గారు కూడా గోనె ముక్క అందుకుందామని చెయ్యి చాస్తూ వెంట వెళ్ళారు. గేటు దగ్గర పటాసు అక్కని లోపలికి పంపి, గడియ మీద చెయ్యి వేసి, ఆయన ముఖంలోకి చూడకుండా, "నువ్విక్కడే ఉండు" అన్నాడు. అక్క వెనక్కి తిరిగి చూసింది గానీ రానివ్వమని అనలేదు.

ఆయన కంచె బయట నిలబడ్డారు. లోపల అక్క చెప్పులు విడిచి చెట్టు మొదట్లోకి వెళ్ళింది. కొమ్మలు వంచి చిగురు వేసే కళ్ళు చూసుకుంటూ ఒక్కొక్కటే కోస్తోంది. కోసిన చోట పచ్చిగా, తడిగా మెరుస్తోంది. అక్క తోట మళ్ళీ మొదలవ్వాలంటే ఆ చెట్టే దిక్కు. తను రాసిన చట్టాన్ని ఒక మనిషి లెక్కచేయలేదు కాబట్టి ఆ చెట్టు బతికి ఉంది.